ఎదురుకాళ్ళ డ్రిల్లు టీచరు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. కొత్తగా ఫిజికల్ డైరెక్టరుగా చేరిందట. కాఫీ తాగుతూ, "మీ రోజుల్లో పిల్లలకు ఆటల్లో దెబ్బలు తగిలితే ఎలాగండీ? అప్పుడు ఫిజియోథెరపీ అవీ లేవు కదా" అంది, పాపం చాలా జాలిగా. నాకు ఒళ్ళు మండింది. లేకపోవడమేమిటి? పేరు లేదు గాని పని ఉంది. యాభైల్లో, అరవైల్లో గుంటూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా నేను చేసిందంతా అదే. ఆ అమ్మాయికి రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాను, కుదరలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ గ్రేడు ఇచ్చారు, ఎవరు ఎక్కడికి బదిలీ చేశారు లాంటివి ఇందులో ఉండవు. అవి చదివి బాగుపడినవాళ్ళను నేను చూడలేదు.

ముందు నేల చూడండి

మాది నల్లరేగడి. వానాకాలంలో అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలు ఒక్కటే పైకి వస్తుంది. వానలు వెనకబట్టి ఎండ కాయడం మొదలయ్యాక నేలంతా నెర్రెలు విచ్చుకుంటుంది. పత్తికీ మిరపకూ బంగారం లాంటి నేలే. ఖోఖో ఆడే పిల్ల చీలమండకు మాత్రం అంతకు మించిన శత్రువు లేదు.

అందుకే ఆట మొదలుపెట్టే ముందు పిల్లలందరినీ ఒక వరసలో నిలబెట్టి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు తలలు వంచుకుని నడిపించేదాన్ని. పల్లేరుకాయ కనబడితే ఏరాలి. నెర్రె కనబడితే కేక వెయ్యాలి. కేక వేసిన చోట ఇసుక పోసి, నీళ్ళు చల్లి, తొక్కి గట్టిచేసేవాళ్ళం. "టీచరు గారు ఆట నేర్పరు, మట్టి పని నేర్పుతారు" అని పిల్లలు నా వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. మా మైదానంలో కాలు మడతపడిన పిల్లలు చాలా తక్కువ. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

ఇంకొకటి, కార్తీక సోమవారాలు. మా పిల్లల్లో సగం మంది ఉపవాసం ఉండేవాళ్ళు. పొద్దుట్నుంచి మంచినీళ్ళతో ఉండి సాయంత్రం పరుగెడితే కళ్ళు తిరిగి పడతారు. పడితే మోచెయ్యో తలో పగులుతుంది. ఉపవాసం మానమంటే ఇంట్లో ఊరుకోరు. అందుకని కార్తీకమాసంలో సోమవారాలు ఆట మానేసి మంగళవారానికి మార్చాను. శివుడికీ కోపం రాలేదు, ఖోఖోకీ నష్టం రాలేదు.

వేలికి బంతి తగిలితే పక్కనున్న పిల్ల వెంటనే ఆ వేలు పట్టుకుని 'టిక్కు'మనేదాకా లాగుతుంది. అలా లాగిన ప్రతి పిల్లకూ నా చేతిలో ఒక మొట్టికాయ పడేది. దెబ్బ తగిలినచోట చేతులు పెట్టకుండా ఉండటమే సగం వైద్యం. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు.

తన్ను, దాని పథ్యం

ఇక నా పుట్టుక సంగతి చెప్పాలి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. బిడ్డకు తల ముందు రావాలి కదా, నాకు కాళ్ళు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్ళు తన్నితే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. పెదకాకానిలో మా ఇంటి అరుగు మీద పొద్దున్నే ఎవరో ఒకరు నడుం పట్టుకుని మూలుగుతూ కూర్చుని ఉండేవాళ్ళు. మా అమ్మ నన్ను నిద్ర లేపి, "తాతయ్య నడుం మీద ఒక తన్ను తన్ని రామ్మా" అని పంపేది. పొరపాటున పెద్దవాళ్ళకు కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఊళ్ళో, నేనొక్కదాన్నే దర్జాగా తన్నేదాన్ని.

మద్రాసులో ట్రైనింగు అయి, ఏ కండ ఏ ఎముకకు అతుక్కుని ఉంటుందో చదువుకున్నాక, ఇక ఎవరినీ తన్నకూడదనుకున్నాను. అనుకుంటే సరిపోతుందా? నాకంటే ముందు నా కాళ్ళ సంగతి స్కూలుకు చేరింది.

మా హెడ్మిస్ట్రెస్ సుభద్రమ్మ గారు. ఖద్దరు చీర, వెండి ఫ్రేము కళ్ళజోడు. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే గోడ మీది కాకులు కూడా అటెన్షన్‌లో నిలబడేవి. ఒకరోజు నన్ను గదికి పిలిపించి, తలుపు వెయ్యమన్నారు. ఏం తప్పు చేశానో అనుకుంటూ గడియ వేశాను.

"నిన్నటి నుంచి నడుం పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మీరు... ఆ కాళ్ళతో పుట్టారట కదా?"

"అవునండి."

"అయితే కానివ్వండి, త్వరగా. ఇన్‌స్పెక్టరు గారొచ్చే వేళైంది."

తన హెడ్మిస్ట్రెస్‌ను నడుం మీద తన్నిన డ్రిల్లు టీచరు రాష్ట్రం మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. దేవుడి సాక్షిగా నెమ్మదిగానే తన్నాను. తన్నాక ఎందుకో, "నా తన్నుకు పథ్యం ఉందండి" అన్నాను. మెత్తటి పరుపు మీద కాక నేల మీద చాప వేసుకుని పడుకోవాలి. నీళ్ళ బిందె ఎత్తకూడదు. పొద్దున్నే వెల్లకిలా పడుకుని మోకాళ్ళు పొట్టకు ఆనించుకోవాలి. ఆవిడ తూచా తప్పకుండా పాటించారు, తగ్గింది. తన్నుతో తగ్గిందా, పథ్యంతో తగ్గిందా అని నన్నడక్కండి. అలాంటి పట్టు చాలావరకు దానంతటదే వదులుతుంది.

కానీ ఆ రోజు నేను ఒకటి పట్టుకున్నాను. మనవాళ్ళు మందు వేసుకోవడం మర్చిపోతారు గాని పథ్యం మర్చిపోరు. డాక్టరు "రెస్టు తీసుకోండి" అంటే ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తారు. "ఇది పథ్యం" అంటే ప్రాణం పోయినా తప్పరు.

ధనలక్ష్మి చీలమండ

ధనలక్ష్మిది ప్రత్తిపాడు. వాళ్ళ నాన్న వెంకయ్య పత్తీ మిరపా వేసే రైతు. పిల్ల చదువు కోసం గుంటూరులో ఒక గది అద్దెకు తీసుకుని, తన తల్లి రత్తమ్మను తోడుంచాడు. పాలకు ఒక గేదెనూ కట్టేశాడు. ఖోఖోలో ఆ పిల్లను ముట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఇదిగో దొరికింది అనుకునేలోగా ఇటు నుంచి అటు జారిపోయేది. నా సర్వీసులో అటువంటి కాళ్ళు మళ్ళీ చూడలేదు.

అర్ధ సంవత్సరం పరీక్షల సెలవుల్లో ఊరెళ్ళి, ఆట మర్చిపోతానేమోనని చేను పక్కన బీడు నేలలో ఒక్కతే పరుగెత్తింది. కాలు నెర్రెలో పడి చీలమండ లోపలికి మడతపడింది. ఊళ్ళో వాళ్ళు చేసిన వైద్యం వినండి. ఆముదం కాచి వేడివేడిగా రుద్దారు. ఒకరు మడమ పట్టుకుని, ఒకరు వేళ్ళు పట్టుకుని కీలు సరిచేస్తామని లాగారు. తరవాత ఉప్పు మూటతో కాపడం పెట్టారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. పొద్దున బెణికిన కాలు సాయంత్రానికి సొరకాయంత అయింది.

మర్నాడు బడి తెరవగానే రత్తమ్మ మనవరాలిని బస్సు దింపి, రిక్షాలో వేసుకుని తిన్నగా మా స్కూలుకే తెచ్చింది.

"టీచరమ్మా, నువ్వు ఎదురుకాళ్ళ దానివంటగా! ఏందమ్మా అట్టా చూస్తా నిలబడ్డావు? తన్ను!"

"ఎక్కడ తన్నమంటావు పెద్దమ్మా?"

"యాడేంది? వాచిన కాడే!"

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను నేల మీద కూర్చుని ఆ కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. చర్మం కాలిపోతోంది, మడమ పక్కన నల్లగా కమిలిపోయింది. పెద్దాసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయిద్దాం అన్నాను.

"ఆసుపత్రికి పోతే పిండికట్టు ఏస్తారు. పిండికట్టు ఏసినోళ్ళ కాలు పుల్లలాగా ఎండిపోద్ది. మా ఊళ్ళో చూళ్ళేదా నేను? సచ్చినా రాను."

కాసేపు అరిచాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. వెంకయ్య కాలు చూసి మండిపడ్డాడట. "కాళ్ళిరగ్గొట్టుకునే సదువు మనకెందుకే? మిరపకాయలు ఏసుకుని గుంటూరొచ్చినప్పుడు చూస్తా. పిల్ల కుంటతా కనబడిందా, అదే బండెక్కించుకుని ఇంటికి తోలుకుపోతా" అన్నాడట. "మా ఎంకయ్య అన్నాడంటే చేస్తాడమ్మా" అంది రత్తమ్మ. నొప్పికి ఏడవని ధనలక్ష్మి ఆ మాటకు భోరుమంది.

నాకప్పుడు ఒకటే తోచింది. "సరే పెద్దమ్మా, నా కాలు ఆనిస్తాను. కానీ నా కాలి పథ్యం కఠినం. తప్పితే వికటిస్తుంది. ఒప్పుకుంటావా?"

"చెప్పు. ఉపాసం ఉండమన్నా ఉంటాం."

"మొదటి పథ్యం పెద్దాసుపత్రి."

రత్తమ్మ తిట్టడానికి నోరు తెరిచింది, మూసుకుంది. మాట ఇచ్చాక వెనక్కి తీసుకునే వంశం కాదు వాళ్ళది. నా బొటనవేలు ధనలక్ష్మి మోకాలి కింద, వాపుకు ఎంతో దూరంగా, తగిలీ తగలనట్టు ఆనించాను. రత్తమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది.

ఎముక విరగలేదు. కీలును పట్టి ఉంచే పట్టీలు కొంత చిరిగాయి. ఎముకల డాక్టరు గారు జిగురు గుడ్డతో బిగించి కట్టి, కాలు కింద మోపవద్దన్నారు. రత్తమ్మ నోట నా కాలి సంగతి విని నన్ను పక్కకు పిలిచారు.

"ఏమ్మా, మద్రాసులో చదివొచ్చి తన్నుల వైద్యం చేస్తున్నారా?"

"తన్నలేదండి, ఆనించాను. కాలు మోపవద్దని మీరు చెప్పారు, ఎన్నాళ్ళు వింటారు? నేను పథ్యమన్నాను, ఎన్నాళ్ళయినా వింటారు."

ఆయన పెద్దగా నవ్వి, "అయితే నా మాటలు కూడా మీ పథ్యంలో కలిపెయ్యండి" అన్నారు. మంచి మనిషి. అబద్ధమాడి వైద్యం చెయ్యకూడదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పిన పథ్యాల్లో ఒక్కటీ అబద్ధం లేదు. అలా అని మీరందరూ కాళ్ళు ఆనించుకుంటూ తిరగకండి. ఎదుటి మనిషి ఏ మాట వింటాడో ఆ మాటలో చెప్పండి, అంతే.

కాలు మోపకుండా, బొంత మడిచి దాని మీద ఎత్తుగా పెట్టి ఉంచడం మొదటి వంతు. వాపు దిగాక కదిలించడం రెండో వంతు. అందరూ చెడిపోయేది అక్కడే. నొప్పి తగ్గింది కదా అని కొందరు పరుగెడతారు, నొప్పి వస్తుందేమోనని కొందరు అసలు కదపరు. నేను ధనలక్ష్మిని మంచం మీద కూర్చోబెట్టి, బొటనవేలితో గాలిలో అ, ఆ, ఇ, ఈ రాయమన్నాను. మన అక్షరాలన్నీ గుండ్రాలే, చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోతుంటే రత్తమ్మ లెంపలు వేసుకుంది.

"ఓయమ్మో! కాలితో అచ్చరాలు రాయడమేంది? సదువుల తల్లి ఊరుకుంటదా?"

వాదించి గెలవగలను. కానీ నేను గెలిచి ఇంటికి పోయాక అక్కడ రాయించేదెవరు? "సరే, అక్షరాలొద్దు, మెలికల ముగ్గు వేయించు" అన్నాను. ముగ్గయితే తొక్కేదేగా అని రత్తమ్మ సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడమేమిటి, పక్కనే కూర్చుని, "అటు కాదే మొద్దూ, ఇటు తిప్పు మెలిక" అని పురమాయించేది. నేను పక్కనుంటే కూడా అంత బాగా చేయించలేను.

తరవాత గేదెకు నానబెట్టే పత్తి గింజలు గుప్పెడు నేల మీద చల్లి, కాలి వేళ్ళతో ఒక్కొక్కటే ఏరి గంపలో వేయించాను. ఆపైన గేదెను కట్టే గుంజ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. తరవాత గుంజ వదిలేసి నిలబడటం. పిల్ల నిలబడితే గేదె మొహం తిప్పి చూసేదట.

ఒంగోలు ఫైనలు

ఒంగోలు అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉంది. జిల్లా స్కూళ్ళ ఖోఖో ఫైనలు అక్కడ పెట్టారు. ధనలక్ష్మి లేకుండానే మా పిల్లలు ఫైనలుకు చేరారు. సుభద్రమ్మ గారు పాఠం చెబితే మొద్దుకు కూడా లెక్కలొచ్చేవి, పేద పిల్లలకు తన ఇంట్లో అన్నం పెట్టేవారు. ఆవిడకున్న బలహీనత ఒక్కటే. గదిలో అద్దాల బీరువాలో మధ్య అర ఖోఖో కప్పు కోసం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచారు.

"ధనలక్ష్మి నడుస్తోంది కదా. నిన్న మేడమెట్లు కూడా ఎక్కింది. ఆడనివ్వండి" అన్నారు.

"నడవడం వేరు, ఖోఖో వేరండి. పరుగు మీద ఉండి గబుక్కున తిరగాలి. ఆ తిరుగుడుకు కాలు ఇంకా నిలబడదు."

"ఉన్నదెంతసేపు ఆట?"

"చిరగడానికి ఎంతసేపు కావాలండి?"

ఆవిడ మొహం గంటు పెట్టుకున్నారు. నేను పిల్లను మైదానానికి తీసుకెళ్ళి, దెబ్బతిన్న కాలి మీద గెంతించి, ఈల వెయ్యగానే తిరగమన్నాను. తిరిగింది, నవ్వుతూనే తిరిగింది. పొద్దుటి చలిలో పై పెదవి మీద మాత్రం చెమట పట్టింది.

"నొప్పి ఉందా?"

"లేదండి."

"ధనం, నాకా చెబుతావు?"

తల దించుకుంది. "కప్పు తెస్తే నాన్న ఏమీ అనడండి."

"మీ నాన్న కప్పు చూడడే పిచ్చిదానా. కాలు చూస్తాడు."

కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతున్నా, బాగా ఆడే పిల్ల నొప్పి లేదంటే నమ్మకండి. ఆటంటే ప్రాణమున్న పిల్లలే ఎక్కువ అబద్ధాలాడతారు. నోటిని కాదు, మొహాన్ని అడగండి.

ఒంగోలుకు సుభద్రమ్మ గారు స్వయంగా వచ్చారు. రత్తమ్మ కూడా, పిల్లను కనిపెట్టి ఉండాలని, చెంగున మరమరాలు కట్టుకుని మాతో బస్సెక్కింది. ఆట మొదలయ్యే ముందు సుభద్రమ్మ గారు నన్ను అడగకుండా తిన్నగా ధనలక్ష్మి దగ్గరికి వెళ్ళి, "లే, దిగు" అన్నారు. పిల్ల ఎగిరి లేచింది. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇది నా ఆర్డరు" అన్నారు.

"నా ఉద్యోగం తీసుకోండి. పిల్లను మాత్రం దించను" అన్నాను. నా గొంతూ లేచింది. జనం ఇటు తిరిగారు. అప్పుడు రత్తమ్మ మరమరాలు దులుపుకుని వచ్చింది.

"ఏందమ్మా పెద్ద టీచరమ్మా, ఏంది నీ గోల? మా పిల్ల పథ్యంలో ఉంది!"

"పథ్యమేమిటి?"

"ఎదురుకాళ్ళ మనిషి కాలు ఆనిచ్చిన పథ్యం. తప్పితే వికటిస్తదంట. నీ నడుం తన్నిచ్చుకున్నప్పుడు నువ్వు తప్పావా? నీ నడుమైతే నడుమా, మా పిల్ల కాలు కాలు కాదా?"

ఆ రోజు గదికి తలుపు వేసినా కిటికీ తెరిచే ఉందని సుభద్రమ్మ గారికి అప్పటిదాకా తెలియదు. ఆవిడ మొహం పండు మిరపకాయలా అయింది. వెనక్కి తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నా మాటయితే కాదనేవారేమో గాని, తాను నమ్మి పాటించినదాన్ని కాదనలేకపోయారు.

ఓడిపోయాం. కొద్దిలోనే ఓడిపోయాం. తిరుగు బస్సులో పిల్లలు నా పక్క సీటు ఖాళీగా వదిలేశారు. ధనలక్ష్మి కిటికీ వైపు తిరిగి గుంటూరు దాకా అలాగే కూర్చుంది. ఎదిగిన పిల్ల కదా, ఓదార్చబోతే చెయ్యి విదిలించుకుంది. బాధ వెయ్యలేదంటే అబద్ధం, ఇంటికెళ్ళి అన్నం తినలేదు. కానీ నేను గెలిపించిన ఆటలు తరవాత చాలా ఉన్నాయి. వాటన్నిటి కంటే, ఆడనివ్వకుండా కూర్చోబెట్టిన ఆ ఒక్క ఆటే నాకు ఎక్కువ గర్వం.

వెంకయ్య చూపు

తరవాత వారాల్లో ఆ కాలిని మెట్టు మెట్టుగా పైకి తెచ్చాం. ముందు ఇసుకలో నడక, తరవాత తిన్నటి పరుగు, ఆ తరవాత వంకర పరుగు, చివరన ఈల మీద తిరుగుడు. పెదవి మీద చెమట పట్టిన రోజు అక్కడితో ఆపేసేదాన్ని. చెమట లేని రోజున ధనలక్ష్మి తనే, "ఇంకోసారి తిప్పండి టీచర్" అంది. ఒంగోలు తరవాత నాతో అన్న మొదటి తీపి మాట అదే.

ఎండలు ముదిరాక వెంకయ్య బండి వచ్చింది. మిరపకాయలు దించేసి, కళ్ళు ఎర్రగా, పంచె మీద ఎర్రటి దుమ్ముతో, తుమ్ముతూ స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మైదానం అంచుకు వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, "ఆడించండి చూస్తా" అన్నాడు. వరండాలో సుభద్రమ్మ గారు స్తంభం పక్కన వచ్చి నిలబడటం చూశాను.

ఈల వేశాను. నా నోరు ఎండిపోయి మొదటిసారి ఈల మోగలేదు, రెండోసారి మోగింది. ధనలక్ష్మి పరుగెత్తింది. కూర్చున్న పిల్లల మధ్య నుంచి ఇటు దూరి అటు తేలింది. వరస చివరి ఖోఖో గుంజ దగ్గర దెబ్బతిన్న కాలి మీదే బరువంతా వేసి గిర్రున తిరిగింది. వెంకయ్య కూతురి మొహం చూడలేదు, పాదాలే చూశాడు. ఆట అయ్యాక దగ్గరికి పిలిచి, అక్కడిదాకా నడువు, వెనక్కి రా అన్నాడు. నడిచింది, వచ్చింది. మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ నడిచింది.

"దెబ్బ తగిలింది ఏ కాలికండీ?" అని నన్నడిగాడు.

"మీరే చెప్పండి" అన్నాను.

ఆయన గొంతుక్కూర్చున్నాడు. ఆ పాదం, ఈ పాదం మార్చి మార్చి చూశాడు. వేలితో నొక్కి చూశాడు. సెలవుల్లో సొరకాయంత వాచిన కాలును కళ్ళారా చూసిన మనిషే. కూతురి మంచి కాలి మీద చెయ్యి వేసి, "ఇదేగా?" అన్నాడు.

ధనలక్ష్మి పకపకా నవ్వింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. వెంకయ్య మా ఇద్దరి మొహాలూ చూసి, తప్పు చెప్పానని గ్రహించి, సిగ్గుపడుతూ లేచాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎండాకాలం సెలవులయ్యాక బడి ఎప్పుడు తెరుస్తారండీ?" అని అడిగాడు.